టూరిస్టు బస్సు, మా బావి నీళ్లు

భద్రాచలం నుంచి పర్ణశాలకు పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు. తారు రోడ్డు పడ్డప్పటి నుంచి వీడియో కోచ్ బస్సులు మా ఇంటి ముందే ఆగుతున్నయి. చాయ్ హోటళ్లు పడ్డయి, మా తమ్ముడికి కిరాయి జీపు మీద డ్రైవర్ పని దొరికింది. ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి మాత్రం ఎవరూ కట్టలే. అందుకే బస్సు దిగిన ఆడోళ్లంతా మా దొడ్లో ఉన్న మరుగుదొడ్డికే వస్తరు. ఈ ఎండలకు మా బావిల నీళ్లు మోకాలు లోతే ఉన్నయి.

ఇయ్యాల ఎవరొచ్చినా కుదరదని చెబుదామనుకున్న. పొద్దున బస్సు ఆగంగనే ఒక పెద్దమ్మ తలుపు కొట్టింది. "ఖమ్మం నుంచి ఆపుకొని వచ్చిన బిడ్డా" అన్నది. కాదనలేకపోయిన. ఆమె వెనక ఇంకో పదిమంది వచ్చిండ్రు. దొడ్లో నీళ్ల తొట్టి ఖాళీ అయింది.

అందరూ పోయిండ్రనుకొని దొడ్లోకి పోతే, ఆ పెద్దమ్మ ఒక్కతే నీళ్లు తోడి తొట్టి నింపుతున్నది. బయట బస్సు డ్రైవర్ హారన్ కొడుతున్నడు.

"నీకెందుకమ్మా, నేను తోడుకుంట గదా" అన్న.

"మేం వాడుకున్నయి నువ్వెందుకు తోడాలె?" అని ఇంకో బొక్కెన పోసి పోయింది.

నీళ్లు మా బావివే. అయినా ఇన్నేండ్లల్ల బొక్కెన పట్టింది ఆమె ఒక్కతే. మళ్లీ రమ్మందామంటే బావి అడుగు కనబడుతున్నది, రావద్దందామంటే నోరు రాలేదు. మీరైతే ఏమనేటోళ్లు?