ఎముకలో నీరు కదలాలి

మా సైన్సు టీచరుగారు పోయారని నాన్న హాస్టలుకి ఫోన్ చేసి చెప్పాడు. జ్వరం తగ్గిందనుకున్నాక గుండె ఆగిందట. విశాఖలో నర్సింగు చదువుతున్నాను నేను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని. చోడవరంలో నన్ను విశాఖ బస్సు ఎక్కించింది ఆవిడే.

ఎముక పాఠం చెబుతూ, "రాయికి ఆకలెయ్యదు, ఎముకకి వేస్తుంది" అనేవారు. రోజూ చోడి అంబలి, అదే రాగిజావ, తాగేవారు. అయినా ఆవిడకి ఎముకలు గుల్లబారాయి, నడుం వంగింది. కుచ్చిళ్ళు ఏటికేడు ఇంకాస్త పైకి దోపుకుంటూ, "చీరలు పెరుగుతున్నాయే, నేను మాత్రం తగ్గట్లేదు" అని నవ్వేవారు.

నేను పదో తరగతిలో ఉండగా మా మామ్మ చెరుకు తోటలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. విశాఖలో ఆపరేషన్ చేసి, ఎముక గుల్లబారిందని మాత్రలు రాశారు. పట్టుకుని నడిపించమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మేం నడిపించలేదు. పెద్దావిడని కింద అడుగు పెట్టనివ్వకుండా చూసుకోవడమే ప్రేమ అనుకున్నాం. నాన్న చంటిపిల్లలా ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళేవాడు. మామ్మ కాళ్ళు సన్నబడిపోయాయి. ఇక మంచమే గతి అని అందరం లోలోపల ఒప్పేసుకున్నాం.

సంగతి తెలిసి టీచరుగారు మా ఇంటికొచ్చారు.

"గుల్లబారిన ఎముక మీద బరువెడితే ఇరిగిపోదా టీచరమ్మా?" అన్నాడు నాన్న.

ఆవిడ వాకిట్లోని మోపులోంచి పచ్చి చెరుకు ముక్క తీసి, రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచారు. కోసిన చివర రసం ఊరింది.

"ఎముకలోనూ సన్నసన్నని దారులుంటాయి బాబూ. వాటినిండా నీరే. అడుగేస్తే ఆ నీరు కదులుతుంది. ఆ కదలికే లోపలి కణాలకి కబురు, ఇక్కడ పనుంది, కట్టండి అని. మంచం మీదుంటే కబురే అందదు. ఎలా అందుతుందో పెద్ద చదువులవాళ్ళు ఇంకా తేలుస్తున్నారు. నడిస్తే మేలన్నది మాత్రం తేలింది."

మామ్మ మంచం మీంచే అంది: "నాలో అంత రసముంటే ఫ్యాక్టరీకి తోలెయ్యండి. పిండేసి పిప్పి పారేస్తారు."

"పిండమనలేదు మామ్మగారూ, అడుగెయ్యమన్నాను. చెరుకు రసం పోతే మళ్ళీ రాదు. మీది లోపలే తిరుగుతుంది."

"మరి మాత్రలు మానేయొచ్చేటి?" అంది మామ్మ.

"మానకూడదు. మాత్రా కావాలి, అంబలీ కావాలి, అడుగూ కావాలి."

ఆ సాయంత్రం మామ్మ ఒక చెయ్యి నాన్న భుజం మీద, ఇంకో చెయ్యి టీచరుగారి భుజం మీద వేసి లేచింది. అరుగు దాకా వెళ్ళేసరికి చెమటలు పట్టేశాయి. "ఈ గూనావిడే నడుస్తంటే నాకేటి రోగం" అని గొణిగింది. టీచరుగారు ఆ మాట విని ఎంత నవ్వారో. తర్వాత చాలా సాయంత్రాలు ఆవిడే వచ్చి మామ్మ పక్కన నడిచారు. నేను నర్సింగుకి వెళ్తానన్నది ఆ రోజుల్లోనే.

కబురు విని నేను ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది. నాన్న ఆటో పిలవబోయాడు.

"వద్దురా. టీచరమ్మ దగ్గరికి నడిసే ఎల్తాను" అంది మామ్మ.

"జారిపోతావమ్మా, గట్టంతా బురదగుంది."

"కర్రుంది కదేటి. నువ్వెనకాల రా."

చెరుకు తోటల మధ్య గట్టు మీద మామ్మ ముందు నడిచింది, మేమిద్దరం వెనక. ఆమె పాదం లేచిన ప్రతిచోటా మెత్తటి నేలలో అచ్చు పడి, అందులోకి నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయి.