దూదేకుల రసూల్ సంబరం

ఏలూరులో రసూల్ నలభై ఏళ్లుగా ఊరందరి నిద్ర కోసం దూదేకాడు. 1936 పుష్యమాసంలో స్కౌట్ మాస్టారు శేషగిరిరావు, తన పదిమంది స్కౌట్లతో కలిసి కొల్లేటి పక్షులను చూద్దాం రమ్మంటే చిన్నపిల్లాడిలా పడవెక్కాడు.

లంకలో నేలంతా చిత్తడి. తుమ్మచెట్ల మధ్య వలలను ఉయ్యాలలుగా కట్టి, దూది బొంతలు పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని పన్నెండుమందీ పడుకున్నారు. కాసేపటికే వీపులు చలికి బిగుసుకుపోయి లేచి కూర్చున్నారు.

"ఒంటికింద నలిగిన దూది చలి ఆపుతుందాండీ, మాస్టారూ? పొంగి ఉండాలి గానీ" అని విసుక్కుంటూ రసూల్ బొంతలన్నిటినీ ఉయ్యాలల అడుగున వదులుగా కట్టాడు. మిగతావాళ్లంతా గుర్రుపెట్టారు.

తెల్లవారుతుండగా వేల పక్షులు ఒక్కసారిగా లేచాయి. సంబరంతో కన్ను మూయని రసూల్, "లేవండి మాస్టారూ, లేవండి" అంటూ ఉయ్యాలలన్నీ ఊపాడు. ఊపినకొద్దీ వాళ్లు ఇంకా గాఢంగా నిద్రపోయారు.