ఎత్తులో నిలిచిపోయే కారు

మా మామ కారులో ఇంజను లేదు. ఎనభైల్లో, హోసూరులో ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో, ఫ్యాక్టరీవాళ్లు పక్కన పడేసిన, సరుకులు మోసే బ్యాటరీ బండి మోటారు ఆయనకి దొరికింది. తన పాత కారులోంచి ఇంజను పీకించి ఆ మోటారు బిగించాడు. వెనక సీటు సగం తీసేసి, ఆ జాగాలో లారీ బ్యాటరీలు వరసగా పేర్చాడు.

ఇదంతా సరదాకి చేసింది కాదు. కృష్ణగిరి రోడ్డులో లారీ గుద్దినప్పటి నుంచి ఆయన ఎడమ కాలికి క్లచ్ తొక్కే బలం లేదు. చాలా కాలం ఇంట్లో కూర్చున్నాడు. బజారులో ఉన్న సొంత బట్టల అంగడికి పోవాలన్నా ఎవరో ఒకరు తీసుకుపోవాలి. ఈ కారుకి క్లచ్ లేదు, గేరు లేదు. కుడి కాలు ఒకటి చాలు. అది తయారయ్యాక మా మామ మళ్లీ తనంతట తాను అంగడికి పోయి తాళం తీశాడు.

ఆ ఏడు దసరా అయిన కొన్ని వారాలకి కారు నిలిచిపోవడం మొదలైంది. చదును రోడ్డు మీద బాగానే పోయేది. ఎత్తు వస్తే చచ్చిపోయేది. కాసేపు ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలేది. ఒకసారి బెంగుళూరు రోడ్డు ఎక్కేచోట, వెనక లారీ హారన్ కొడుతుండగా ఆగింది. ఆ రోజే మా అత్త తేల్చేసింది.

"కాలు పోయింది చాలు. మనిషి కూడా పోవల్నా? ఇంగొక్కసారి నిలిస్తే దాన్ని షెడ్డులో పెట్టి తాళమేస్తా."

నేను వచ్చి బాగుచేసేదాకా ఆగమని ఆమెని ఒప్పించి మామ నాకు కబురు పెట్టాడు. నేను బెంగుళూరులో పుట్టి పెరిగినవాణ్ని. అప్పుడే ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చింది, కోపం అంతకుముందే వచ్చింది. వచ్చిన రోజు నుంచీ అంగడి ఫోను నా చేతిలోనే ఉండేది. బెంగుళూరులో ఉన్న నా స్నేహితుడికి ట్రంక్ కాల్ మీద ట్రంక్ కాల్. వాడు మోటారు లోపలి బ్రష్షులు అరిగాయేమో అన్నాడు. విప్పి చూశాను, బాగున్నాయి. స్విచ్చు కాంటాక్టులన్నాడు. గీకి శుభ్రం చేశాను. ఊళ్లో కొండ మీది గుడి రోడ్డు ఎక్కించి చూస్తే సగం కూడా ఎక్కకుండానే కారు ఆగింది.

"చెవికి ఫోను అతుక్కొని పుట్టినావా ఏమప్పా," అంది అత్త. "అన్నం తినేటప్పుడన్నా కింద పెట్టు."

ఒకనాడు మళ్లీ రోడ్డు మధ్యలో కారు ఆగిన కోపంలో నేను టైరుని తన్నాను. మామ లోపలి నుంచి తల బయట పెట్టాడు.

"తన్నితే పోతాదంటే నేనే తన్నతా అప్పా. నాకు ఒక కాలు ఖాళీగానే ఉండాది."

నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు తర్వాతే బుర్ర పనిచేసింది. ఇన్ని రోజులూ ఓల్టు మీటరుని నిలబడిన కారుకే పెడుతున్నాను. నిలబడితే అన్నీ బాగానే చూపిస్తాయి. జబ్బు ఎత్తులో ఉంటే మీటరు కూడా ఎత్తులోనే చూడాలి.

మర్నాడు పొద్దున గుడి ఎత్తులో మామ తోలాలి, నేను వెనక బ్యాటరీల పక్కన నక్కి మీటరు తీగలు పెట్టాలి. ముల్లు చూసి చెప్పడానికి ఇంకొకరు కావాలి. ఆ కారులో కాలు పెట్టనని ఒట్టేసుకున్న అత్త కొంగు బిగించి ముందు సీట్లో కూర్చుంది. మీటరుని ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుంది.

"పన్నెండు," అంటోంది. "పన్నెండు. ఇదీ పన్నెండే. కొంచెం మెల్లగా పోండి, కండ్లు తిరగతా ఉండాయి."

బ్యాటరీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఒక తీగ టెర్మినల్ మీద, ఇంకొకటి దాన్ని పట్టుకున్న కేబుల్ క్లాంపు మీద పెట్టడం మొదలెట్టాను. రెండూ గట్టిగా అంటుకొని ఉంటే అక్కడ ముల్లు కదలకూడదు. వరసలో చివరిదాని దగ్గరికి వచ్చాను.

"ఇదేందప్పా, పైకి పోతా ఉండాది..."

ఆమె మాట పూర్తికాకముందే కారు ఆగింది. క్లాంపు ముట్టుకుంటే వేలు కాలింది.

కారుని పక్కకి తోసి, క్లాంపు చల్లారాక స్పానరు వేసి ఊడదీశాను. టెర్మినల్ చుట్టూ మాడిపోయిన గంధం. మధ్యలో కుంకుమ చుక్క, నల్లబడి.

"ఎవరు..." అని నేను గొంతు పెంచబోతే మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. అత్త ఆ చుక్కనే చూస్తోంది. దసరాలో ఆయుధ పూజ నాడు మామ కేబుళ్లన్నీ విప్పి తుడిచి పెట్టుకుంటే, ఆమె పళ్లెం తెచ్చి ఒక్కో టెర్మినల్‌కి గంధం, కుంకుమ పెట్టింది. ఆయన వాటి మీదే క్లాంపులు బిగించాడు. మిగతావి గట్టిగా కరిచి గంధాన్ని నలిపేశాయి. దీని బోల్టు ఒక్కటి వదులు. గంధం ఎండి కరెంటుకి అడ్డం పడింది. ఎత్తులో మోటారు ఎక్కువ లాగితే అక్కడ కాగి కారు ఆగేది, చల్లారితే కదిలేది.

"నేను పెడతా ఉంటే వద్దని చెప్పేదానికి నోరు లేదా?" అంది అత్త.

"పూజలో మాట్లాడితే తిడతావు కదా."

"తర్వాతైనా తుడిచి బిగించల్ల కదా."

మామ స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు పెట్టిన బొట్టు. తుడిచేదానికి చేతులు రాలేదు."

అత్త తన కొంగు తడిపి ఆ టెర్మినల్ తానే తుడిచింది. నేను గరుకు కాగితంతో రుద్ది బిగించాను. కారు గుడి దాకా ఆగకుండా ఎక్కింది. షెడ్డుకి తాళం పడలేదు.

ఆ తర్వాత నేను ఎన్నో బళ్లు బాగుచేశాను. మొదటి బండి వాళ్లిద్దరిదీ కావడం నా అదృష్టం.

మరుసటి ఏడు ఆయుధ పూజ నాడు బెంగుళూరులో మా ఫోను మోగింది. హోసూరు అంగడి నుంచి అత్త.

"గంధం గిన్నె పట్టుకొని నిలబడి ఉండాను. యాడ పెట్టమంటావప్పా?"

"ముందర బానెట్ మీద పెట్టు అత్తా. ఎంతైనా పెట్టు."

"ఆయనకి నువ్వే చెప్పు, నేను చెప్తే నమ్మడు," అంటూ మామని పిలవడానికి ఫోను పక్కన పెట్టి పోయింది. అంగడి ముందు నుంచి కారు హారన్ వినిపించింది. కారు బాగుందని చెప్పడానికి మామ నాకోసమే కొడుతున్నాడు. ట్రంక్ కాల్ టైము అయ్యేదాకా వింటూనే ఉన్నాను.