చేపపిల్లలకి గాలి కొట్టిన జీపు

మొన్న బందరులో మా మేనల్లుడి కారు ఏసీ పనిచెయ్యకపోతే వాడితో పాటు నేనూ షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్కు కంప్రెసర్ విప్పి గోనెపట్టా మీద పెట్టి మూత తియ్యగానే పాత నూనె, వేడెక్కిన బెల్టు కలిసిన వాసన గుప్పుమంది. మావాడు ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. వానాకాలపు పొద్దులు, తడిసిన పరికిణీ, అరిటాకులో చుట్టిన తాటిరొట్టె, అన్నీ ఆ వాసన వెంట వచ్చేశాయి.

డెబ్భైల చివర సంగతి. మా నాన్నకి ఒక పాత జీపు ఉండేది. వెనక సీట్లు పీకేసి, రెండు డ్రమ్ములు కట్టి, వానలు మొదలైన దగ్గర్నించీ బందరు నుంచి గుడివాడ వైపు చెరువులకి చేపపిల్లల్ని తోలేవాడు. ఆక్సిజన్ నింపిన సంచులు అప్పటికింకా మా దాకా రాలేదు. దారి పొడుగునా డ్రమ్ములో నీళ్ళని అరచేత్తో చిలుకుతూ ఉండాలి, ఆపితే ఆవగింజంత నోళ్ళు తెరుచుకుని పిల్లలన్నీ పైకి తేలిపోతాయి. పెద్ద డ్రమ్ము అమ్మది, చిన్న డ్రమ్ము నాది. బడి ఎగ్గొట్టడానికి ఇంతకన్నా మంచి సాకు బందరు మొత్తంలో ఏ పిల్లకీ లేదని నాకు మహా గర్వంగా ఉండేది. టాపు మీద వాన టపటపలాడుతుంటే, రెండు వైపులా మోకాలి లోతు నీళ్ళలో నాట్లు వేసేవాళ్ళు నడుం ఎత్తి మా వైపు చూస్తుంటే, ఇంట్లో పెదవి విప్పని అమ్మ జీపులో మాత్రం తన చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పేది.

గూడూరు దగ్గర కాలవ వంతెన పక్కన జీపు ఆగేది. అక్కడ సగం నీళ్ళు తోడి పారబోసి, కొత్త నీళ్ళు పొయ్యాలి. ఆ వంతెన మీద మా అమ్మమ్మ నిలబడి ఉండేది. అమ్మ పుట్టిల్లు అక్కడికి కూతవేటు దూరమే. కానీ ఒక పెళ్ళిలో, పది మంది ముందూ మా పెద్ద మావయ్య నాన్నని "డ్రైవరుకి తరవాత వడ్డించొచ్చులే" అన్నాడు. విస్తరి ముందు నుంచి లేచిన నాన్న మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, అమ్మనీ తొక్కనివ్వలేదు. అందుకని తల్లీ కూతుళ్ళు చూసుకునేది ఆ నీళ్ళు మార్చే కాసేపే. నాన్న అటు తిరిగి, చూసీ చూడనట్టు, బకెట్టు బకెట్టూ నింపాదిగా తోడేవాడు. అమ్మమ్మ నాకు తాటిరొట్టె పెట్టి, అమ్మ జడ విప్పి మళ్ళీ అల్లేది. చేతులు తడిగా ఉన్నాయి కదా, అమ్మ తన జడ తాను వేసుకోలేదు మరి.

రోజంతా నీళ్ళలో నాని అమ్మ అరచేతులు పగిలిపోయేవి. అన్నం కలుపుకుంటే కారం మండి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అది చూడలేకే నాన్న ఆ పనికి దిగాడు. బెజవాడ తుక్కు కొట్టులో ఎవరో జమీందారు వాడి పారేసిన విదేశీ కారు ఏసీ కంప్రెసర్ దొరికితే గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. కోనేరు సెంటరు దగ్గర షెడ్డున్న కరీం మావయ్య, నాన్నకి ప్రాణస్నేహితుడు, దాన్ని జీపు ఇంజను పక్కన బిగించి బెల్టు తగిలించాడు. చల్లగాలికి గ్యాసు తిప్పాల్సిన మిషను ఒక మూతితో బయటి గాలి పీల్చి, రెండో మూతితో సెలైను పైపుల గుండా డ్రమ్ముల్లోకి తోసింది. బుడబుడమని బుడగలు వస్తుంటే మా వీధి వీధంతా చూడటానికి వచ్చింది. నాన్న పట్టలేనంత మురిసిపోయి, "ఇంక నువ్వు ఇంటి పట్టునే ఉండొచ్చు" అన్నాడు అమ్మతో. అమ్మ నవ్వింది.

మొదటి ట్రిప్పుకే చేపపిల్లలు సగానికి సగం చచ్చిపోయాయి. నీళ్ళ మీద రంగురంగుల నూనె తెట్టు. కారులోనైతే ఆ నూనె గ్యాసుతో పాటు తిరిగి తిరిగి మళ్ళీ కంప్రెసర్‌లోకే వస్తుందట, ఇక్కడ గాలితో పాటు డ్రమ్ములోకి పోతోంది. కరీం మావయ్య తల పట్టుకున్నాడు. నాన్న స్పానరు విసిరికొట్టి, పీకి కాలవలో పారేస్తానన్నాడు. అమ్మ డ్రమ్ము మీదికి వంగి, తెట్టుని వేలితో ముట్టుకుని, బొటనవేలికి రాసి చూసింది. తను నోరు మెదపకుండా ఉంటే చాలు, మర్నాడు మళ్ళీ జీపెక్కగలిగేది.

"కరీమన్నయ్యా, నూనెని వడకట్టినట్టు గాలిని వడకట్టకూడదా?" అంది.

లోపలికెళ్ళి తలగడ ఒకటి విప్పి బూరుగు దూది తెచ్చింది, పొయ్యిలో బొగ్గులు తెచ్చింది. కరీం మావయ్య ఒక ఇనప డబ్బాలో వాటిని దట్టించి గాలిని అందులోంచి పోనిచ్చాడు. పైపు చివర తెల్లగుడ్డ పట్టుకుంటే ఒక్క మరకైనా పడలేదు. "మా చెల్లెమ్మ ఇంజనీరండీ!" అని ఆయన గంతులేశాడు. అమ్మ మళ్ళీ నవ్వింది. ఆ రోజు తను ఏం వదులుకుందో అర్థమవ్వటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, అర్థమైన రోజు ఏడిచాను.

ఆ తరవాత ఆడవాళ్ళు జీపెక్కాల్సిన పనే లేకపోయింది. పని లేకుండా ఊళ్ళు తిరిగే రోజులు కావు అవి. ఒక ఆదివారం నేను మారాం చేసి నాన్న పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. నీళ్ళు మార్చే అవసరం లేదు కాబట్టి నాన్న గూడూరు దగ్గర ఆపడు. కానీ వంతెనకి అడ్డంగా అమ్మమ్మ చెయ్యెత్తి నిలబడి ఉంది. నాన్న బ్రేకు తొక్కాడు. అల్లుడి ఎదట ఎన్నడూ పెదవి కదపని మనిషి, తల మీద కొంగు లాక్కుని జీపు దగ్గరికొచ్చింది.

"నీళ్ళు మార్చుకోరా అండీ?"

"అక్కర్లేదండీ. మిషను పెట్టాం."

అమ్మమ్మ డ్రమ్ముల్లో బుడగల వంక చూసింది. "మిషను బాగుందండీ. మా పిల్లే కనపడట్లేదు" అంది.

నాన్న జీపు ముందుకి పోనిచ్చాడు. గుడివాడ వెళ్ళి తిరిగి బందరు వచ్చాం. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, అమ్మతో అన్నాడు. "రేపు నువ్వూ రా. ఆ మిషన్ని నమ్మటానికి లేదు."

"బానే ఆడుతోందిగా అండీ?"

"ఆడట్లా. చెప్తున్నాగా."

కనపడ్డవాడికల్లా ఆ మిషను గొప్ప చెప్పుకు తిరిగిన మనిషి మా నాన్న. మర్నాడు మిషను నిక్షేపంగా ఆడుతూనే ఉంది, డ్రమ్ముల్లో బుడగలు పొంగుతూనే ఉన్నాయి. అయినా అమ్మ గూడూరు దాకా చెయ్యి నీళ్ళలోంచి తియ్యలేదు. వంతెన దగ్గర నాన్న జీపు ఆపి, అక్కర్లేని నీళ్ళు ఒక్కొక్క బకెట్టే తోడి పారబోశాడు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, నాన్న లేడు, అమ్మా వెళ్ళిపోయింది. చేపపిల్లలు సంచుల్లో హాయిగా ప్రయాణం చేస్తున్నాయి. పాత వంతెన పడగొట్టి వెడల్పుగా కొత్తది కట్టారు, ఎవరూ ఆగరు. పోయిన నెల గుడివాడ వెళ్తూ అక్కడ బస్సు ఆపమన్నాను.

"ఇక్కడ స్టాపు లేదండీ. మీ కోసం ఎవరన్నా వస్తారా?" అన్నాడు కండక్టరు.

"ఎవరూ రారు. కాస్త ఆపు బాబూ" అన్నాను.