తువ్వాల ముడి

మొన్న నౌకరీకి పది రోజులు సుట్టీ పెట్టి మా ఊరు సిరోంచ వచ్చాను. నా నౌకరీ గడ్చిరోలిలో. అక్కడ అద్దె గదిలో ఒక్కణ్నే ఉంటాను. నా భార్య, ఆరేళ్ల కూతురు ఇక్కడ మా ఇంట్లోనే, ఇంకా పెళ్లికాని నా తమ్ముడితో కలిసి ఉంటారు. ఈసారి ఇంట్లో పడి నిద్రపోకుండా, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేలా అందరం తిరగాలనుకున్నాను. నిజం చెప్పాలంటే ఊళ్లు చూడాలని కాదు, నా బిడ్డ నా బండి మీద కూర్చోవాలని.

ఉన్నవి రెండు బళ్లు. మొదట కమలాపూర్ క్యాంపులో ఏనుగులను చూడ్డానికి బయలుదేరాం. నేను నా బండిని కడిగి, తుడిచి, వాకిట్లో నిలబెట్టాను. నా కూతురు నా బండి వైపు చూడను కూడా చూడకుండా పోయి, 'కాక' అని పిలిచే తన బాబాయి వెనక ఎక్కింది.

"ఇటు రా బిడ్డా, బాపు బండి మీద కూసో," అన్నాను.

"ఊహూ. నేను కాక బండి మీదనే వస్త."

కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ దారంతా తెలిసింది. ముందు వాళ్లు, వెనక నేనూ నా భార్యా. అది వాడి చెవిలో ఏదో చెబుతుంది, వాడు తలూపి నవ్వుతాడు. నా భార్య నా వీపు మీద తట్టింది. "గంత జోరు ఎందుకు? జర మెల్లగ పోండ్రి." వాణ్ని దాటాలని చూస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియలేదు.

ఏనుగులు బాగా కనపడాలని దాన్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాను. అది నా జుట్టు పట్టుకుని, "కాకా, గా పిల్ల ఏనుగును చూడు!" అని వాణ్ని పిలిచింది.

ఆ తర్వాత లంచాలకు దిగాను. చిప్స్ పొట్లాలు, ఐస్‌క్రీం, మెరిసే కొత్త చెప్పులు. అన్నీ తీసుకుంది, తిన్నది, ఆ చెప్పులే వేసుకుని పోయి వాడి వెనక ఎక్కింది. రోజూ బడికి దింపేది వాడే, మరాఠీ పద్యాలు అప్పజెప్పించుకునేదీ వాడే. అదంతా తెలిసినా కడుపుమంట ఆగలేదు. వాడు చెడ్డవాడైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ని.

ఆఖరి రోజు పాతగూడెం పోయాం. వంతెన మీద నిలబడి ఇంద్రావతిని చూశాం, గట్టున కూర్చుని పులిహోర తిన్నాం. తిరిగి బయలుదేరేటప్పుడు, నేను అడగకుండానే, అది వచ్చి నా వెనక ఎక్కింది. నా భార్య మరిది బండి దగ్గరికి నడిచింది. నేను సంతోషంతో దాని చేతులు తీసి నా నడుం చుట్టూ వేసుకున్నాను.

"కాక చెప్పిండు," అంది వెనక నుంచి. "బాపు రేపు పోతడు, ఇయ్యాల గా బండి మీద కూసో అని."

పొంగే పాల మీద నీళ్లు చల్లినట్టయింది. నా బిడ్డను నాకు వాడు దానం చేస్తున్నాడు! నోటిదాకా వచ్చిన మాటను నేను మింగేలోగా వాడు మెడలోని తువ్వాల తీసుకుంటూ వచ్చాడు. బిడ్డను నా వీపుకు ఆనించి కూర్చోబెట్టి, తువ్వాలను దాని వెనక నుంచి తిప్పి, నా పొట్ట మీద గట్టిగా ముడేశాడు.

"గిదెందుకురా?"

"తిరిగి పొయ్యేటప్పుడు పది నిమిషాల్ల నిద్రపోతది అన్నా. ఎప్పుడు గంతే. కట్టకపోతే జారిపడ్తది."

ఇన్ని రోజులూ తిరిగొచ్చేటప్పుడు వాణ్ని దాటి ముందే దూసుకొచ్చాను, నా బిడ్డ బండి మీద నిద్రపోతుందని నాకు తెలియదు. వాడన్నట్టే కాసేపటికి దాని చెంప నా వీపుకు ఆనింది, చేతులు వదులయ్యాయి. ఆ దారంతా నేను వాణ్ని దాటాలని చూడలేదు.

వాకిట్లో బండి ఆపాను. నా భార్య తాళం తీసి లోపలికి వెళ్లింది. తమ్ముడు వచ్చి అలవాటుగా ముడి మీద చెయ్యి వేశాడు.

"నేను విప్పుకుంటలే. నువ్వు పో," అన్నాను.

వాడు పోయాడు. నేను బండి మీదే కూర్చున్నాను. ముడి విప్పలేదు.