పడమటి కిటికీలో సూర్యుడు

ఇందులో ప్రతి అక్షరం నిజం. కావాలంటే మా ఆవిడ పెట్టిన ఆవకాయ మీద ఒట్టు. సిడ్నీలో మా ఇంట్లో అంతకంటే పవిత్రమైన వస్తువు లేదు.

మా పై ఫ్లాట్‌లో ఉండే యూదు పెద్దాయన ఓ నెల రోజులుగా నన్ను అదోలా చూస్తున్నాడు. మెట్ల మీద ఎదురైతే ఏదో అడగబోయి, నా మొహం పరీక్షగా చూసి, వెళ్ళిపోయేవాడు. చెత్త డబ్బాల దగ్గరా అంతే. దాంతో నాకూ అనుమానం పట్టుకుంది. పది నెలల కిందట ఆయన భార్య ఆసుపత్రిలో పోయిన సాయంత్రం, ఇద్దరినీ కారులో తీసుకెళ్ళి గది బయట కాపున్నది నేనే. అక్కడ ఏ ఉంగరమో, గొలుసో కనబడకుండా పోయిందా?

"మీ గోదావరి మొసలి కథ అబద్ధమని తెలిసిపోయుంటుంది," అంది మా ఆవిడ. "ఒంటిచేత్తో పట్టానని చెప్పారుగా. ఇంక మిమ్మల్ని ఎవరు ట్రస్ట్ చేస్తారు?"

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం తలుపు తట్టాడు. శుక్రవారం పొద్దు గూకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలు; ఆయన ఫోను ముట్టడు, లైటు వెయ్యడు. పనులన్నీ ఆలోపే. కాఫీ వద్దన్నాడు.

"నువ్వు మొసలి మనిషివి. అందుకే అడగడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆ రోజు గదిలోంచి వచ్చి, తను పోయిందని నీకు చెప్పాను. నువ్వు పడమటి కిటికీ దగ్గర ఉన్నావు. అప్పటికి సూర్యుడున్నాడా, దిగిపోయాడా?"

ఇదేం ప్రశ్న? నన్ను దేంట్లో ఇరికిస్తున్నాడు?

"ఏదైతేనేం అంకుల్, అర్ధరాత్రి కాలేదుగా. తారీఖు ఒకటే."

"మాకు రోజు మారేది సూర్యాస్తమయంతో. తను ఆ రోజు పోయిందా, మర్నాడా అన్నదాన్ని బట్టే ఏటా తనకి దీపం పెట్టాలి. గదిలో తెరలు వేసున్నాయి. నేను తన చెయ్యి పట్టుకున్నాను, గడియారం చూడలేదు. కాగితం మీది టైము డాక్టరు వచ్చాక వేసింది. మిగిలిన సాక్షివి నువ్వు. నా రాత అలా ఉంది."

మా ఆవిడ తెలుగులో అందుకుంది. "మా నాన్నగారి తిథికి ఇండియా టైమా, సిడ్నీ టైమా అని పంచాంగం పెట్టుకుని గంటసేపు ఆర్గ్యూ చేశారుగా. ఆయన బాధా అదే. తెలిస్తే చెప్పండి, తెలీకపోతే తెలీదనండి."

"ఆవిడ ఏమంటోంది?" అన్నాడాయన, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"నిజం చెప్పమంటోంది."

"కష్టమైన పనే చెప్పింది."

నేను కిటికీ దగ్గర నిలబడ్డ మాట నిజమే. కానీ ఫోనులో క్రికెట్ స్కోరు చూస్తున్నాను. తలెత్తి ఆకాశం చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు. "అయితే మా గురువుగారిని అడగాలి. అనుమానం మిగిలినప్పుడు ఏం చెయ్యాలో ఆయనే చెబుతారు," అని లేచాడు.

ఒక్కటి ఒప్పుకోవాలి. స్కోరు చూడడం నిజమే. ఆకాశం చూడలేదని ఆయనకి చెప్పడం మాత్రం నా కల్పన. "ఉన్నాడు అంకుల్, కార్ పార్కు గోడకి బెత్తెడు పైన, ఎర్రగా," అన్నాను. నెల రోజులు నన్ను అనుమానించినవాడు ఆ మాటని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. భార్య సమాధి రాతి మీద ఆ లెక్కనే తేదీ చెక్కించాడు.