హొళగుంద పక్కన బావిలో మా గౌరవ్వ

నిన్న ఆదివారం నేను సావాల్సినోణ్ని, తెలుసునా అప్పా! ఈ పొద్దు మీతో కూసోని టీ తాగుతాండానంటే ఒక ముసలమ్మ పుణ్యం. నవ్వొద్దండి, ముందు ఇనండి.

ఎండలకి ఈ ఆదోనిలో ఉండలేక, మా సుజాతను తోడుకొని హొళగుంద పక్కన అత్తగారి ఊరికి పోయినా. ఆడ చేన్లో దిగుడు బావి ఉంది. పచ్చగా నీళ్లు, అడుగు కనపడదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కడుపు పగిలేట్ల తిని, టవల్ భుజాన ఏసుకొని పోయినా. సుజాత కూడా వచ్చింది. వాళ్లవ్వ గౌరవ్వ, అరవై దాటిన మనిషి, బావికాడ గుడ్డలు ఉతుకుతాండాది.

"ఈతొస్తుందా నాయనా?" అనింది.

"ఎమ్మిగనూరు కాలువలో ఛాంపియన్‌ని, అవ్వా!"

"తిన్నెంటనే దిగొద్దు. దిగినా మెట్లకాడనే ఉండు. నడుమ లోతు శానా ఉంది."

సుజాత చూస్తాంది కదా! కొత్త అల్లుడు మెట్ల మీద కూసోని కాళ్లు కడుక్కుంటాడా? గట్టు మీదినుంచి ఒకటే జంప్!

మీకొక నిజం సెప్తా. మా కాలువలో నీళ్లు నడుం దాకానే. పైన చేతులు ఆడిస్తాంటి, కింద కాళ్లతో నడుస్తాంటి. ఇన్నేండ్లూ దాన్నే ఈత అనుకున్నా! ఈడ కాలు పెడితే నేలే లేదు. రెండు మునకలేసినా. "అవ్వా!" అనబోతే నోట్లోకి నీళ్లు. సుజాత ఒకటే అరుపు. గౌరవ్వ చేంతాడు ఇసిరింది. కండ్లకి కనపడితే కదా పట్టుకునేకి!

అప్పుడు దూకింది అప్పా! చీర ఎగదోపి దూకితే చప్పుడు కూడా కాలే. నా ఎనకనుంచి వచ్చి, ఈ హిప్పీ జుట్టు ఒడిసి పట్టుకునింది.

"హెదరబ్యాడ! భయపడొద్దు! నా మెడ పట్టుకుంటే ఇద్దరం పోతాం. ఎల్లకిలా పండుకో. ఆకాశం చూడు!"

చూసినా. కాళ్లూ చేతులూ వదిలేస్తే నీళ్లే నన్ను మోసినాయి! ఆమె ఒంటిచేత్తో ఈదుకుంటా తెచ్చి మెట్ల మీద పడేసింది.

నేను ఉగ్గాని అంతా కక్కుకుంటాంటే, ఆమె చేంతాడు తెచ్చేకి మళ్లీ నీళ్లల్లోకి పోయింది. నడిబావిలో ఎల్లకిలా పండుకోని, పొట్ట మీద చేతులు పెట్టుకోని, "సుజాతా, మధ్యాన్నానికి జొన్న రొట్టెలు కాల్చాల్నా, కొర్రన్నం వండాల్నా?" అంటాంది! మంచం మీద పండుకున్నట్లే. ఒక అల కూడా లేదు. ఆణ్ణించే దండం పెట్టినా.

"యాడ నేర్చుకుంటివి అవ్వా?"

"ఈడనే. మా తమ్ముడు ఈ బావిలోనే పోయినాడు. ఆపొద్దునుంచి మా నాయన ఆడపిల్లలకీ నేర్పినాడు. ఇప్పుడు నేను ఊరి పిల్లలకి నేర్పుతాండా."

సాయంత్రం నన్నూ క్లాసులో చేర్చుకునింది. నడుముకి తేలే బెండు కట్టి మెట్లకాడ దింపింది. నా క్లాస్‌మేట్లు ముగ్గురు ఆడపిల్లలు, అందరూ ఏడేండ్ల లోపలే. పొద్దు గూకేలోపల వాళ్ల బెండ్లు ఇప్పేసింది.

నాకు ఇంకొకటి ఎక్కువ కట్టింది!